మడి వేరు, జాగ్రత్త వేరు: మూలుగ మార్పిడి తరువాత ఇంటి నియమాల చరిత్ర

ఎముక మూలుగ మార్పిడి, అంటే బోన్ మ్యారో ట్రాన్స్‌ప్లాంట్, చేయించుకుని వచ్చిన మనిషి ఉన్న ఇల్లు బయటివాళ్ళకి మడి ఇల్లులా కనిపిస్తుంది. గుమ్మంలోనే చేతులు కడుక్కోమంటారు. ముట్టుకోవద్దంటారు. బయటి తిండి లోపలికి రానివ్వరు. నీళ్ళు కాచి చల్లార్చినవే. చూడడానికి వచ్చిన చుట్టాన్ని వరండాలో కూర్చోబెట్టి, కిటికీలోంచి పలకరింపజేసి పంపేస్తారు.

మా ఇంట్లో ఏడాదికి పైగా ఇదే పద్ధతి. మా తమ్ముడికి అక్యూట్ మైలాయిడ్ లుకేమియా అనే రక్త క్యాన్సర్ వచ్చింది. మా అక్క మూలుగ ఇచ్చింది. దక్షిణాదిలో ఒక ఆసుపత్రిలో మార్పిడి జరిగింది. నూరు రోజులు ఆ ఆసుపత్రి పక్కన అద్దె గదిలో ఉండి, ఆ తరువాత జంషెడ్‌పూర్‌లో, కద్మాలో ఉన్న మా ఇంటికి తీసుకొచ్చాం.

అప్పటి నుంచి బంధువులు, మిత్రులు నన్ను అడుగుతున్న ప్రశ్న ఒకటే. మడిని, అంటుని ఇన్నేళ్ళుగా విమర్శిస్తున్నావు కదా, మరి మీ ఇంట్లో జరుగుతున్నది ఏమిటి?

ప్రశ్న న్యాయమైనదే. పైకి చూస్తే రెండూ ఒకటిలాగే ఉంటాయి. తేడా తెలియాలంటే ఈ నియమాలు ఎక్కడ పుట్టాయో, ఎవరు పెట్టారో, ఎందుకు మార్చారో చూడాలి. మడికి పుట్టిన తేదీ లేదు. ఆసుపత్రివాళ్ళు మా చేతికిచ్చిన కాగితంలోని చాలా నియమాలకి పుట్టిన తేదీ ఉంది. కొన్నిటికి పోయిన తేదీ కూడా ఉంది. ఈ వ్యాసం ఆ తేదీల గురించే.

ఒక వజ్రం, ఒక జబ్బు

ముందు మా ఊరి సంగతి చెప్పాలి, ఎందుకంటే ఈ కథకీ మా ఊరికీ సంబంధం ఉంది. ఇక్కడి ఉక్కు కర్మాగారంలో పనికి శ్రీకాకుళం, గంజాం వైపు నుంచి వచ్చిన తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. మా తాతగారూ అలా వచ్చినవారే.

1924లో ఈ కర్మాగారం మూతపడే స్థితికి వచ్చింది. జీతాలివ్వడానికి కూడా డబ్బు లేదు. అప్పటి ఛైర్మన్ దొరాబ్జీ టాటా తన సొంత ఆస్తిని, భార్య మెహర్‌బాయి పెట్టుకునే జూబిలీ వజ్రంతో సహా, ఇంపీరియల్ బ్యాంకులో తాకట్టు పెట్టి కోటి రూపాయల అప్పు తెచ్చాడు. అది 245 క్యారట్ల వజ్రం. కోహినూరు కన్నా రెండింతలు పెద్దది. కంపెనీ బతికింది. ఏడేళ్ళ తరువాత, 1931లో, మెహర్‌బాయి లుకేమియాతో చనిపోయింది. మరుసటి ఏడాది దొరాబ్జీ కూడా పోయాడు.

దేశంలో అతి సంపన్న కుటుంబాలలో అదొకటి. అయినా 1931లో లుకేమియాకి ఆర్సెనిక్, ఎక్స్‌రేలు తప్ప పెద్దగా ఏమీ లేవు. అవి కూడా కొద్ది రోజుల ఉపశమనానికే. వజ్రం కర్మాగారాన్ని కాపాడింది గాని మనిషిని కాపాడలేకపోయింది. కొనడానికి మందే లేదు.

ఆ దంపతుల డబ్బు ఎక్కడికి పోయిందో చూడండి. 1932లో మెహర్‌బాయి పేరిట లుకేమియా పరిశోధన కోసం ఒక ట్రస్టు ఏర్పడింది. వజ్రాన్ని తరువాత అమ్మేశారు. ఆ సొమ్ము దొరాబ్జీ పేరిట ఉన్న ట్రస్టుకి చేరింది. ఆ ట్రస్టు 1941 ఫిబ్రవరి 28న బొంబాయిలో టాటా మెమోరియల్ ఆసుపత్రిని తెరిచింది. 1983 మార్చిలో మన దేశంలో మొదటి విజయవంతమైన మూలుగ మార్పిడి జరిగింది ఆ ఆసుపత్రిలోనే, డాక్టర్ సురేష్ అద్వానీ బృందం చేతుల మీదుగా. రోగి లుకేమియా వచ్చిన 9 ఏళ్ళ పాప. మూలుగ ఇచ్చింది ఆమె తోబుట్టువు. జంషెడ్‌పూర్‌లో 1975లో మొదలైన క్యాన్సర్ ఆసుపత్రికి మెహర్‌బాయి పేరే పెట్టారు.

దీన్ని విధిలీల అనేవాళ్ళు ఉన్నారు. విధి ఏమీ లేదు. జబ్బు ఏమిటో కనుక్కోమని కొందరు డబ్బు పెట్టారు, కొందరు పని చేశారు, యాభై ఏళ్ళు పట్టింది.

భీమవరం మనిషి మందు

మా తమ్ముడి కేసు షీటులో మార్పిడి జరిగిన మొదటి రోజుల పేజీ మీద మెథోట్రెక్సేట్ అనే మందు పేరుంది. తెలుగువాళ్ళు ఈ మందు చరిత్ర తెలుసుకుని తీరాలి.

1895లో భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు 1923లో అమెరికా వెళ్ళాడు. 1940 నుంచి లెడర్లీ ప్రయోగశాలలో పరిశోధన నడిపాడు. ఆయన బృందం ఫోలిక్ ఆసిడ్‌ని తయారు చేసింది. ఆ తరువాత దానికి పోటీగా నిలబడి కణాల పెరుగుదలని ఆపే పదార్థాలని కూడా తయారు చేసింది. వాటిలో అమైనోటెరిన్ ఒకటి, మెథోట్రెక్సేట్ ఒకటి. 1947 చివరలో బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ లుకేమియా పిల్లలకి అమైనోటెరిన్ ఇచ్చి చూశాడు. 16 మందిలో 10 మందికి మెరుగుదల కనిపించింది. అది తాత్కాలికమే. కాని లుకేమియా మందుకి లొంగుతుందని అప్పుడే మొదటిసారి రుజువైంది. 1948 జూన్‌లో ఆ వ్యాసం అచ్చయింది. ఆగస్టులో సుబ్బారావు చనిపోయాడు.

అదే మందు తరువాత మరో పనికి వచ్చింది. మార్పిడిలో ఎక్కించిన దాత కణాలు రోగి శరీరాన్ని పరాయిదిగా భావించి దాడి చేస్తాయి. దీన్ని గ్రాఫ్ట్ వర్సెస్ హోస్ట్ డిసీజ్ అంటారు. చర్మం, పేగులు, కాలేయం దెబ్బతింటాయి. ఈ దాడిని ఆపడానికి 1986లో సియాటిల్ డాక్టర్లు మెథోట్రెక్సేట్‌నీ సైక్లోస్పోరిన్‌నీ కలిపి ఇచ్చి, ఒక్క సైక్లోస్పోరిన్ కన్నా ఈ జోడీ మెరుగని పోల్చి చూపించారు. ఈ జోడీలో రెండోది, సైక్లోస్పోరిన్, 1969లో నార్వేలోని ఒక పీఠభూమి నుంచి సేకరించిన మట్టిలోని బూజు నుంచి వచ్చింది. భీమవరం మనిషి తయారు చేయించిన మందూ, నార్వే మట్టిలో బూజూ కలిసి మా అక్క కణాలని మా తమ్ముడి ఒంట్లో అదుపులో పెట్టాయి.

ఆరుగురూ చనిపోయారు

మార్పిడి అంటే ఆపరేషన్ అని చాలామంది అనుకుంటారు. రోగికి కోత ఏమీ ఉండదు. ముందు బలమైన మందులతోనో, రేడియేషన్‌తోనో రోగి సొంత మూలుగని ఖాళీ చేస్తారు. తరువాత దాత కణాలని రక్తం ఎక్కించినట్టే నరంలోకి ఎక్కిస్తారు. అవి తమంతట తాము ఎముకల్లోకి చేరి, రెండు మూడు వారాల్లో కొత్త రక్తం తయారు చేయడం మొదలుపెడతాయి.

ఇది సాధ్యమని తెలిసింది అణుబాంబు తరువాతి పరిశోధనలలో. రేడియేషన్‌కి చనిపోవలసిన ఎలుకలు, ప్లీహాన్ని సీసంతో కప్పితే బతుకుతున్నాయని 1949లో అమెరికాలో లియాన్ జేకబ్సన్ చూపించాడు. వేరే ఎలుకల మూలుగ ఎక్కించినా బతుకుతున్నాయని 1951లో తేలింది.

1957లో డొనాల్ థామస్ అనే డాక్టరు ఆరుగురు రోగుల ఫలితాలు ప్రకటించాడు. ఆరుగురికీ ఇతరుల మూలుగ ఎక్కించాడు. నూరు రోజులు తిరగకుండానే ఆరుగురూ చనిపోయారు. ఈ వైఫల్యాన్ని ఆయన దాచుకోలేదు. అచ్చు వేశాడు. 1958లో యుగోస్లావియాలోని విన్చా రియాక్టర్‌లో ప్రమాదం జరిగినప్పుడు, పారిస్‌లో జార్జ్ మాతే ఐదుగురికి మూలుగ ఎక్కించాడు. వాళ్ళకి ఏ బంధుత్వమూ లేని ఫ్రెంచివాళ్ళు మూలుగ ఇచ్చారు. నలుగురు బతికారు. అయితే వాళ్ళని కాపాడింది ఆ మూలుగేనా అన్నది తరువాత చర్చనీయమైంది. 1970లో ఒక పరిశోధకుడు అప్పటిదాకా ప్రపంచంలో జరిగిన సుమారు 200 మార్పిడులని లెక్కవేశాడు. బతికి బట్టకట్టినవాళ్ళు బహు కొద్దిమంది.

చాలామంది డాక్టర్లు ఈ పని వదిలేశారు. థామస్ వదలలేదు. ఆయన భార్య డాటీ ఆయన ప్రయోగశాల పనిలోనూ, రాతకోతల్లోనూ జీవితాంతం పాలుపంచుకుంది. దాతకీ రోగికీ కణజాలం కలుస్తుందో లేదో చూసే హెచ్.ఎల్.ఏ. పరీక్ష వచ్చింది. దానికి దారి వేసినది 1958లో ఫ్రాన్స్‌లో జాన్ దోసే చేసిన పరిశోధన. 1977లో థామస్ బృందం మరో లెక్క ప్రకటించింది. ఇక ఏ మందూ పనిచేయని 100 మంది లుకేమియా రోగులకి మార్పిడి చేస్తే 13 మంది జబ్బు లేకుండా బతికి ఉన్నారు. నూటికి పదమూడు. చిన్న అంకెలా కనిపిస్తుంది గాని, అంతకు ముందు ఆ స్థితిలో ఉన్నవాళ్ళు దాదాపు అందరూ పోయేవారు. 1990లో థామస్‌కి నోబెల్ బహుమతి వచ్చింది.

కణాలు ఎక్కించడం ఒక పూట పని. వాటిని నిలబెట్టడం నెలల పని. ఆ నెలల్లో ఎక్కువ భాగం గడిచేది ఇంట్లో.

గాజు గది నుంచి ఇంటికి

మార్పిడి తరువాత కొన్ని వారాలు రోగికి తెల్ల రక్తకణాలు దాదాపు ఉండవు. అవి వచ్చిన తరువాత కూడా రోగనిరోధక శక్తి పూర్తిగా కుదురుకోవడానికి ఏడాది, రెండేళ్ళు పడుతుంది. చిన్నప్పుడు వేసిన టీకాల రక్షణ కూడా చాలావరకు పోతుంది. పెద్దవాడైన మా తమ్ముడు పసిపిల్లల టీకాలు మళ్ళీ మొదటి నుంచి వేయించుకుంటున్నాడు.

ఈ భయంతో 1960లలో, 70లలో రోగులని వడగట్టిన గాలి మాత్రమే వచ్చే గదుల్లో ఉంచేవారు. అమెరికాలో పుట్టుకతోనే రోగనిరోధక శక్తి లేని డేవిడ్ వెటర్ అనే పిల్లవాడు 1971లో పుట్టిన క్షణం నుంచి ప్లాస్టిక్ బుడగలో పెరిగాడు. 1983లో అతనికి అక్క మూలుగ ఎక్కించారు. అందులో దాగి ఉన్న ఒక వైరస్ వల్ల క్యాన్సర్ వచ్చి 1984లో చనిపోయాడు. పన్నెండేళ్ళు బయటి క్రిమిని రానివ్వని గోడ, ఎక్కించిన మూలుగలోనే వచ్చిన వైరస్‌ని ఆపలేకపోయింది. ఆ రోజుల్లో దాన్ని పట్టుకునే పరీక్షలు సరిగా లేవు. శుద్ధి ఎంత పెంచితే అంత మేలు అన్న లెక్క సరికాదని ఆ కేసు చెబుతుంది.

1998లో స్వీడన్‌లోని స్టాక్‌హోమ్‌లో డాక్టర్లు మరో అడుగు వేశారు. ఆసుపత్రికి దగ్గరలో ఇల్లున్న రోగులని, కణాలు పడిపోయిన ప్రమాదకరమైన వారాల్లోనే, వాళ్ళిష్టపడితే ఇంటికి పంపారు. నర్సు రోజూ ఇంటికి వెళ్ళేది. 2002లో ఫలితాలు ప్రకటించారు. ఇంట్లో ఉన్నవాళ్ళు ఆసుపత్రిలో ఉన్నవాళ్ళ కన్నా మెరుగ్గా ఉన్నారు. దాత కణాల దాడి కూడా తక్కువే. మనం హేతువాదులం కాబట్టి ఇందులో ఒక మెలిక గమనించాలి. ఎవరు ఇంటికి వెళ్ళాలో చీటీలు వేసి తేల్చలేదు, రోగులే ఎంచుకున్నారు. కాస్త బాగున్నవాళ్ళే ఇంటికి వెళ్ళి ఉండవచ్చు. కాబట్టి ఇల్లే మందు అనడానికి లేదు. కాని ఇల్లు అంటే ప్రమాదం అన్న పాత నమ్మకం మాత్రం కూలింది. అది కూడా ఆధారంతోనే కూలింది.

నూరో రోజు

మా అమ్మ ఒక రోజు లెక్కబెట్టి, మండల దీక్ష నలభై రోజులైతే వీడి దీక్ష నూరు రోజులు అంది. నిజమే, మార్పిడిలో నూరో రోజు అనేది పెద్ద మాట. దాత కణాల దాడి నూరు రోజుల లోపు వస్తే తీవ్ర రకం, ఆ తరువాత వస్తే దీర్ఘకాలిక రకం అని దశాబ్దాల పాటు డాక్టర్లు విభజించారు.

అయితే తీవ్ర రకం లక్షణాలు నూరు రోజుల తరువాత కూడా కనిపిస్తున్నాయని, దీర్ఘకాలిక రకం ముందే వస్తోందని అనుభవంలో తేలింది. 2005లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల ఆధ్వర్యంలో నిపుణులు కూర్చుని ఆ హద్దుని తీసేశారు. రోజు చూసి కాదు, లక్షణం చూసి చెప్పాలన్నారు. రోగిని నూరు రోజులు దగ్గరలో ఉంచుకోవడం ఇప్పటికీ ఉంది, ప్రమాదం ఎక్కువ కాబట్టి. కాని ఆ అంకెకి మహిమ లేదని ఒప్పుకున్నారు.

మైల పదకొండు రోజులే ఎందుకు? తొమ్మిది అయితే ఏమవుతుంది? ఎవరి మీద చూసి తేల్చారు? ఈ ప్రశ్న అడిగిన వాళ్ళకి జవాబు రాదు, తిట్లు వస్తాయి. ఇక్కడ అడిగితే వ్యాసం చూపిస్తారు. ఆధారం మారితే నియమం మారుస్తారు. నాకు కనిపించిన మొదటి తేడా ఇది.

పచ్చి కూరలు, రోడ్డు పక్క బజ్జీలు

రోగికి పచ్చి కూరలు, పళ్ళు పెట్టకూడదన్న నియమం 1970ల నుంచి ఉంది. పచ్చివాటి మీద క్రిములుంటాయి కాబట్టి వండినవే పెట్టాలన్నది అందులో తర్కం. తర్కం బాగానే ఉంది. కాని తర్కం బాగున్నంత మాత్రాన నిజమైపోదు. 2008లో హ్యూస్టన్‌లో 153 మంది లుకేమియా రోగులని రెండు జట్లు చేసి, ఒక జట్టుకి అన్నీ వండినవి, మరో జట్టుకి పచ్చి కూరలు, పళ్ళు కూడా పెట్టారు. ఇన్ఫెక్షన్లలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. 2023లో ఇటలీలో 222 మంది మార్పిడి రోగుల మీద చేసిన పరిశీలనలో కూడా ఇదే తేలింది. చాలా దేశాల్లో ఆ నియమం సడలింది.

ఇది చదివిన ఒక హేతువాద మిత్రుడు నాకు ఫోన్ చేసి, మీరు అనవసరంగా భయపడుతున్నారు, సాక్చీ బజారులో చాట్ తినిపించినా ఏమీ కాదని రుజువైంది అన్నాడు. అలా రుజువు కాలేదు. ఆ పరిశీలనల్లో పచ్చి కూరలు అంటే ఆసుపత్రి వంటశాలలో శుభ్రంగా కడిగి ఇచ్చినవి. రోడ్డు పక్క గిన్నెలో ఉదయం నుంచి ఉన్న చట్నీ కాదు, ఏ నీళ్ళతో చేశారో తెలియని పానీపూరీ కాదు. ఆధారం ఏ పరిస్థితిలో పుట్టిందో ఆ పరిస్థితితో కలిపి చదవాలి. నమ్మకస్తులు శాస్త్రాన్ని వదిలేస్తే, మనవాళ్ళు కొందరు శాస్త్రంలో తమకి నచ్చిన వాక్యం ఒకటి పట్టుకుపోతారు. రెండూ రోగికి చేటే. మా ఇంట్లో నీళ్ళు కాచాం. తొక్క తీసే పళ్ళు, డాక్టరు ఒప్పుకున్నాక, బాగా కడిగి పెట్టాం. చట్నీలు ఇంట్లోనే, అప్పటికప్పుడే.

పంపర పనస, తిప్పతీగ

ఛఠ్ పండగకి సువర్ణరేఖ, ఖర్కాయి ఒడ్డున జంషెడ్‌పూర్ అంతా ఉంటుంది. ఇరుగుపొరుగు ప్రసాదం పంపుతారు. అందులో ఠేకువాలు, అరటిపళ్ళు, చెరకు ముక్కలతో పాటు పంపర పనస లాంటి పెద్ద నిమ్మజాతి కాయలు ఉంటాయి. మేము ఠేకువాలు వేడిగా ఉండగా తీసుకున్నాం, పంపర పనస వెనక్కి ఇచ్చాం. పక్కింటావిడ నొచ్చుకుంది. దేవుడి ప్రసాదంలో ఎంపికలేమిటి అంది.

ఎంపికకి కారణం ఉంది. 1989లో కెనడాలో డేవిడ్ బెయిలీ అనే శాస్త్రజ్ఞుడు ఒక రక్తపోటు మందు మీద మద్యం ప్రభావం చూస్తూ, మద్యం రుచి తెలియకుండా గ్రేప్‌ఫ్రూట్ రసం కలిపాడు. రక్తంలో మందు మోతాదు అనుకోనంత పెరిగింది. కారణం మద్యం కాదు, పళ్ళరసం. పేగుల్లో మందుని విరగగొట్టే ఎంజైమ్‌ని ఆ రసం అడ్డుకుంటోంది. పంపర పనసలో కూడా అలాంటి పదార్థాలే ఉన్నాయి. సైక్లోస్పోరిన్ కూడా ఆ ఎంజైమ్ విరిచే మందే. మోతాదు పెరిగితే మూత్రపిండాలు దెబ్బతింటాయి. ఇదంతా హిందీలో వివరించాక ఆవిడే మరుసటి రోజు వచ్చి, మా ఆయన గుండె మందుకి ఇది పడుతుందా అని అడిగింది. డాక్టరుని అడగమన్నాం.

తిప్పతీగ రసం సంగతి ఇంకా కష్టం. మా ఇంటికి అది మూడు వైపుల నుంచి వచ్చింది. రోగనిరోధక శక్తి పెంచుతుందని ఇచ్చారు. 2021లో ముంబయి డాక్టర్లు తిప్పతీగ వాడి కాలేయం దెబ్బతిన్న ఆరుగురి గురించి రాశారు. 2022లో 13 ఆసుపత్రుల నుంచి 43 మంది గురించి మరో వ్యాసం వచ్చింది. 2021 నాటి వ్యాసాన్ని ఆయుష్ మంత్రిత్వ శాఖ ఒప్పుకోలేదు. ఆ వివాదం పక్కన పెట్టినా, మా తమ్ముడి విషయంలో ప్రశ్న తేలికే. అతను రోజూ మింగుతున్న మందు అక్క కణాలని నిద్రపుచ్చడానికి. తిప్పతీగ నిజంగానే రోగనిరోధక శక్తిని లేపితే అది విషమే. లేపకపోతే అది చేదు నీళ్ళు. రెండిట్లో ఏదైనా అతనికి అక్కర్లేదు.

పనామె, పిన్ని

అసలు తేడా నాకు స్పష్టంగా కనిపించింది మరో చోట. మా ఇంట్లో పదేళ్ళుగా పనిచేస్తున్న ఆమె ఉంది. తమ్ముడు వచ్చాక ఆమెని మాన్పించమని మా పిన్ని పట్టుబట్టింది. కారణం నేరుగా చెప్పలేదు గాని, ఆమె కులమే కారణమని అందరికీ తెలుసు. ఇంత జాగ్రత్త పాటిస్తూ అంటు మాత్రం పాటించరా అని పిన్ని వాదన. ఆ మాటలు అంటున్న పిన్ని తడి బట్ట కట్టుకుని మడిలోనే ఉంది. రెండు రోజులుగా ఆమెకి జలుబు.

కాగితంలోని నియమం ఇద్దరికీ ఒకటే. జలుబు, దగ్గు, జ్వరం, విరేచనాలు ఉన్నాయా? చేతులు సబ్బుతో కడుక్కున్నారా? మాస్కు ఉందా? ఆ రోజు దాని ప్రకారం పనామె లోపలికి వచ్చింది, పిన్ని వరండాలో ఆగింది. వారం తరువాత పిన్ని లోపలికి వచ్చింది. పనామె పిల్లవాడికి పొంగు వచ్చినప్పుడు ఆమెకి జీతంతో సెలవు ఇచ్చాం.

వైరస్‌కి కులం తెలియదు. బహిష్టు తెలియదు. మడి మనుషులని పుట్టుకని బట్టి విడదీస్తుంది, జాగ్రత్త మనుషులని ఆ రోజు ఉన్న ప్రమాదాన్ని బట్టి కాసేపు ఆపుతుంది. మడిలో కింద ఉన్నవాడు ఎప్పటికీ కిందే. జాగ్రత్తలో ఇవాళ ఆగినవాడు రేపు లోపలికి వస్తాడు. రెండో తేడా ఇది. నా దృష్టిలో మొదటిదాని కన్నా పెద్దది.

ఇంకొకటి. మా తమ్ముడి రక్తం గ్రూపు పుట్టినప్పటి నుంచి బి పాజిటివ్. అక్కది ఓ పాజిటివ్. కొన్ని నెలలకి తమ్ముడి గ్రూపు ఓ పాజిటివ్ అయిపోయింది. ఇప్పుడు అతని రక్తకణాలలో క్రోమోజోములు చూస్తే ఆడమనిషివే. పెళ్ళి చేసి, గోత్రం మార్చి, ఇక ఈ ఇంటిది కాదని పంపిన ఆడపిల్ల రక్తంతో ఈ ఇంటి మగవాడు బతుకుతున్నాడు. వంశ రక్తం గురించి మాట్లాడేవాళ్ళు కాస్త ఆలోచించాలి.

గీత కొట్టిన కాగితం

నియమాల వల్ల మేలెంత ఉన్నా, వాటి కింద బతకాల్సింది రోగి. ఇంటికొచ్చిన రెండో నెలలో మా తమ్ముడు తినడం తగ్గించాడు, మాట్లాడటం మానేశాడు. నేను మనిషినా, గాజు బొమ్మనా అని ఒకసారి అరిచాడు. అప్పుడు మా మరదలు ఒక పని చేసింది. అతన్ని అందరికన్నా ఎక్కువగా చూసుకున్నది ఆమే. ఒక పెద్ద కాగితం మీద నియమాలన్నీ రాసి, ప్రతిదాని పక్కన ఎందుకు, ఎప్పటిదాకా అని రెండు గడులు గీసింది. జవాబు రాయలేని వాటి గురించి డాక్టరుని అడిగింది. రెండు నియమాలకి డాక్టరు నవ్వి, అవి మేము పెట్టలేదు, ఎవరో మీకు చెప్పి ఉంటారు అన్నాడు. వాటిని అప్పుడే కొట్టేసింది.

ఆ కాగితం ఫ్రిజ్ మీద ఉంది. ఒక్కో నియమం గడువు తీరినప్పుడు తమ్ముడే పెన్ను తీసుకుని గీత కొడతాడు. సాయంత్రం జనం లేని వీధిలో నడక. తరువాత పెరుగు. తరువాత ఇంటికి ఒక మిత్రుడు. మార్చి 3న జంషెడ్జీ టాటా జయంతికి జూబిలీ పార్కులో దీపాలు పెడతారు, ఊరంతా వస్తుంది. గుంపులోకి వెళ్ళే వీలు లేదు. కారు అద్దాలు మూసి చుట్టూ తిప్పి చూపించాం.

చూసుకునేవాళ్ళకి ఉపయోగపడే నాలుగు మాటలు ఇక్కడే చెబుతాను. జ్వరం 100.4 డిగ్రీలు దాటితే పారాసిటమాల్ వేసి తెల్లవారేదాకా ఆగవద్దు, ముందు ఫోన్ చేయాలి, అర్ధరాత్రి అయినా సరే. మార్పిడి చేసిన ఆసుపత్రి దూరంలో ఉంటే, ఊళ్ళో ఒక డాక్టరుకి కాగితాలన్నీ ముందే చూపించి పెట్టుకోవాలి. రక్తం ఎక్కించాల్సి వస్తే రేడియేషన్ ఇచ్చిన రక్తం కావాలని ముందే చెప్పాలి. పక్క ఇల్లు పడగొట్టి కడుతుంటే ఆ వైపు కిటికీలు మూయాలి, ఆ దుమ్ములో ఆస్పర్‌జిల్లస్ అనే బూజు ఉంటుంది. చీపురు బదులు తడి గుడ్డ వాడాలి. ఇంట్లో అందరూ టీకాలు వేయించుకోవాలి. పసిపిల్లలున్న ఇంట్లో పోలియో చుక్కల గురించి ముందు డాక్టరుని అడగాలి, చుక్కల్లో బతికున్న వైరస్ ఉంటుంది. చూసుకునేవాళ్ళు కూడా వంతులవారీగా నిద్రపోవాలి. అలసిపోయిన మనిషి మాత్రలు తప్పుగా లెక్కపెడతాడు.

మొక్కు సంగతి

తమ్ముడు కోలుకుంటున్నాడు. అమ్మ తిరుపతికి మొక్కుకుంది. అమ్మ మొక్కు తీర్చుకుంటుంది, నేను అడ్డుపడను. ఇంట్లో అగరుబత్తి పొగ వద్దన్నాం, ఆవిడ ఒప్పుకుంది. పూజ తన గదిలో చేసుకుంటుంది. జబ్బు మనిషి ఉన్న ఇంట్లో గెలవాల్సింది వాదన కాదు, జ్వరం.

అయితే మహిమ అని ఎవరైనా అన్నప్పుడు నేను ఒకటే అడుగుతాను. 1957లో ఆ ఆరుగురి తల్లులు ప్రార్థించలేదా? 1970 దాకా లెక్కకొచ్చిన ఆ 200 మంది ఇళ్ళల్లో ఎవరూ మొక్కుకోలేదా? 1931లో మెహర్‌బాయి కోసం ఎవరూ కోరుకోలేదా? ప్రార్థన అప్పుడూ ఉంది, ఇప్పుడూ ఉంది. మారినవి ఏమిటో పైన రాశాను. ఆ మార్పులకి పేర్లున్నాయి, తేదీలున్నాయి, చనిపోయినవాళ్ళ లెక్కలున్నాయి. కృతజ్ఞత చెప్పాలంటే ముందు ఆ ఆరుగురికి చెప్పాలి.

మాటలతో ఆగకుండా చేయదగిన పని కూడా ఉంది. తోబుట్టువుల మూలుగ కలవని రోగులు చాలామంది. వాళ్ళు పరాయివాళ్ళ కోసం ఎదురుచూస్తారు. మన దేశంలో దాతల పట్టికలు ఉన్నాయి. చెన్నై కేంద్రంగా 2009లో మొదలైన దాత్రి వాటిలో ఒకటి. పేరు నమోదు చేసుకోవడానికి బుగ్గ లోపల దూదిపుల్లతో తీసిన నమూనా చాలు. పిలుపు వస్తే చాలాసార్లు రక్తం ఇచ్చినట్టే చేతి నరం నుంచి కణాలు తీసుకుంటారు. దేహదానానికి సంతకాలు పెట్టిన హేతువాదులు మనలో చాలామంది ఉన్నారు. ఇది బతికుండగా చేసే దానం. మీలో వయసున్నవాళ్ళు ఈ నెలలోనే నమోదు చేసుకోండి. వయసు దాటినవాళ్ళు మీ పిల్లలకి చెప్పండి. మీ వీధిలో ఇలాంటి ఇల్లు ఒకటుంటే, చూడడానికి వెళ్ళే ముందు ఫోన్ చేసి, ఏం తెమ్మంటారు అని అడగండి.